ఏ గడ్డి అని కాదు, ఎప్పుడు కోశారు?

నేపియర్ అనే పశువుల మేతగడ్డి కణుపులు అమ్మే ప్రకటనల్లో ప్రోటీన్ అంకె పెద్దక్షరాల్లో ఉంటుంది. ఒకరు 14 శాతం అంటే ఇంకొకరు 18 అంటారు. అది పచ్చిమోపు లెక్క కాదు, గడ్డిలో నీరంతా ఆరిపోయాక మిగిలిన దాని లెక్క. పది కిలోల పచ్చి నేపియర్‌లో ఎనిమిది కిలోల దాకా నీళ్లే.

ఇంకో సంగతి. ల్యాబుల్లో సాధారణంగా ప్రోటీన్‌ను నేరుగా కొలవరు. 1883లో డెన్మార్క్‌లో, కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో యోహాన్ కెల్డాల్ కనిపెట్టిన పద్ధతే ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. గడ్డిపొడిని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరిగించి, నత్రజని ఎంతుందో తేల్చి, దాన్ని 6.25తో హెచ్చిస్తారు. ప్రోటీన్‌లో సుమారు 16 శాతం నత్రజని ఉంటుందన్న ధీమాతో వేసిన లెక్క అది. ప్రోటీన్ కాని నత్రజని కూడా కొంత అందులో కలిసిపోతుంది. దాన్ని 'ముడి' ప్రోటీన్ అనేది అందుకే.

రకం పేరు కన్నా కోసిన రోజే ముఖ్యమని నాకనిపిస్తుంది. నలభై అయిదు రోజుల నేపియర్ దుబ్బులో ఆకు ఎక్కువ, కాడ గోటితో గిల్లితే తెగుతుంది. తూకం పెరుగుతుందని ఇంకో నెల ఆగితే కాడ చెరుకులా గట్టిపడుతుంది. గేదె ఆకంతా లాగేసి అడుగు ముక్కల్ని గాడిలోనే వదిలేస్తుంది. అప్పటికి ఎనిమిది, పది శాతం ఉండే ప్రోటీన్ అయిదారుకు దిగుతుంది. ఏడు కన్నా తగ్గితే గేదె పెద్దపొట్టలో పీచును అరగదీసే సూక్ష్మజీవులకే తిండి చాలదు.

వరిగడ్డి పరిస్థితి ఇంకా అన్యాయం, మూడు నాలుగు శాతం. కృష్ణా డెల్టాలో వరి కోతల తర్వాత పిల్లిపెసర అనే పప్పుజాతి మేత చల్లడం, సీమలో వేరుశనగ కట్టెను వామి వేసి దాచుకోవడం ఊరికే వచ్చిన అలవాట్లు కావు. పప్పుజాతి మొక్కలు వేళ్ల బుడిపెల్లోని బాక్టీరియా సాయంతో గాలిలోని నత్రజనిని వాడుకుంటాయి. వాటిలో ప్రోటీన్‌తో పాటు కాల్షియమూ ఎక్కువే. వరిగడ్డిలో ఉన్న కొద్దిపాటి కాల్షియాన్ని కూడా ఆక్సలేట్లనే లవణాలు పట్టుకుని వదలవు. ల్యాబు రిపోర్టులో కనిపించిందంతా పశువు ఒంటికి పట్టదు.

ఖనిజాల దగ్గరికొస్తే నేలదే పెత్తనం. ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌లో 'టియర్ట్' బీళ్లని ఉండేవి. గడ్డి పచ్చగా, ఏపుగా ఉండేది, మేసిన ఆవులు మాత్రం పారుకుని చిక్కిపోయేవి. గడ్డిలో మాలిబ్డినం అనే ఖనిజం మితిమీరి ఉందని 1938లో తేలింది. పెద్దపొట్టలో అది గంధకంతో కలిసి రాగిని కట్టిపడేస్తుంది. గడ్డిలో రాగి ఉన్నా ఆవుకు దక్కదు. రాగి ఉండే మైలుతుత్తం కొద్దిగా పెడితే పారుడు ఆగేది. క్షారం ఎక్కువైన నేలల్లో మొక్కలు మాలిబ్డినాన్ని మరింత సులువుగా పీల్చుకుంటాయి, జింకు మాత్రం వాటికి సరిగా అందదు. అందుకే ఒకే విత్తనం రెండు ఊళ్లలో వేస్తే రెండు రకాల మేత అవుతుంది.

రాగి తక్కువైతే వెంట్రుకలకు నల్లరంగు సరిగా పట్టదు. నిగనిగలాడాల్సిన నల్లగేదె ఎర్రబారి, వెలిసిన గొడుగుగుడ్డలా కనిపిస్తుంది. "ఎండకు అలా అయిందిలే" అనుకుని ఊరుకుంటాం.