కుక్కల్లో కుషింగ్స్ జబ్బు: ఎండ మీదా ముసలితనం మీదా నెట్టేసే అపోహలు

ఏప్రిల్ వస్తే తిరుపతిలో ఏ కుక్కయినా నాలుక బయటపెట్టి రొప్పుతుంది, గిన్నెడు నీళ్లు ఒక్క గుక్కలో లాగేస్తుంది. కుషింగ్స్ జబ్బు మన ఊళ్లో ఆలస్యంగా బయటపడటానికి సగం కారణం ఈ ఎండే. మిగతా సగం "తొమ్మిదేళ్లు వచ్చాయి కదా, ముసలిదైపోయింది" అనే మాట.

మూత్రపిండాలకు ఆనుకుని ఎడ్రినల్ అనే రెండు చిన్న గ్రంథులుంటాయి. అవి కార్టిసోల్ హార్మోనును అవసరానికి మించి, రాత్రీ పగలూ వదులుతూ ఉండటమే ఈ జబ్బు. సుమారు 80–85 శాతం కుక్కల్లో అసలు గొడవ మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో పుట్టిన చిన్న కణితితో మొదలవుతుంది. అది ఎడ్రినల్ గ్రంథులను ఊరుకోనివ్వదు. మిగిలిన వాటిలో ఎడ్రినల్‌లోనే గడ్డ ఉంటుంది. 1932లో హార్వీ కుషింగ్ అనే అమెరికా సర్జన్ మనుషుల్లో పిట్యూటరీకీ ఈ లక్షణాలకూ ఉన్న సంబంధాన్ని వివరించాడు, పేరు ఆయనది. ఈ రెండూ కాక మూడో రకం ఒకటుంది. దాన్ని మనమే చేతులారా తెచ్చిపెడతాం, దాని సంగతి కింద వస్తుంది.

అపోహ: ఎండాకాలం కదా, నీళ్లు ఎక్కువ తాగడం మామూలే.

వాస్తవం: మామూలో కాదో కొలిస్తే తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క రోజుకు కిలో బరువుకు 50–60 మి.లీ. దాకా తాగుతుంది. 100 మి.లీ. దాటితే అనుమానించాలి. అంటే 10 కిలోల కుక్క రోజుకు లీటరు దాటి తాగుతోందంటే ఎండ పేరు చెప్పి ఊరుకోకూడదు. ఎండ దాహానికీ జబ్బు దాహానికీ ఒక తేడా ఉంది. పొద్దు వాలి చల్లబడ్డాక ఎండ దాహం తగ్గుతుంది. కుషింగ్స్ కుక్క రాత్రి రెండింటికి లేచి తలుపు గీరుతుంది, ఏనాడూ ఇంట్లో ఉచ్చ పోయనిది హాల్లో మడుగు కడుతుంది.

కొలిచే పద్ధతి చెబుతాం, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. పొద్దున 7 గంటలకు కొలపాత్రతో 2 లీటర్లు పోసి గిన్నె నీడలో పెట్టండి. మరుసటి రోజు 7 గంటలకు మిగిలింది కొలిచి తీసేయండి. మధ్యలో పోసిన ప్రతి చెంబూ రాయండి. వరుసగా మూడు రోజులు చేసి సగటు తీయండి. ఇంట్లో రెండు కుక్కలుంటే వేరువేరుగా ఉంచాలి. బాత్రూం తలుపు వేయాలి, పూలకుండీల కింద పళ్లేలు తీసేయాలి. మజ్జిగన్నం పెట్టే ఇళ్లలో మజ్జిగ కూడా లెక్కలోకి వస్తుంది. పావు లీటరు మజ్జిగ పోసి కలిపి, గిన్నెలో నీళ్లు తగ్గలేదని సంబరపడితే లాభం లేదు.

అపోహ: ఎక్కువ తాగుతోంది కాబట్టే ఎక్కువ పోస్తోంది. నీళ్లు తగ్గిస్తే సరి.

వాస్తవం: ఇది తలకిందులు లెక్క. మూత్రాన్ని చిక్కబరచమని మూత్రపిండాలకు చెప్పే హార్మోను పనిని కార్టిసోల్ అడ్డుకుంటుంది. మూత్రం పలచగా బయటికి పోతుంది, పోయింది కాబట్టి కుక్క తాగుతుంది. గిన్నె తీసేసినా మూత్రం ఆగదు, ఒంట్లో నీరు మాత్రం ఎండిపోతుంది. మన మే నెలలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

అపోహ: పొట్ట పెరిగింది, తిండి బాగా తింటోంది, అంటే బలంగా ఉన్నట్టే.

వాస్తవం: పొట్ట కిందికి జారుతుంది కానీ తొడలు, నెత్తి మీది కండ సన్నబడతాయి. కండరం కరిగి, లివర్ ఉబ్బి, కొవ్వు పొట్టలోకి చేరడం వల్ల వచ్చే ఆకారం అది. వీపు మీద చేయి వేస్తే వెన్నెముక గుచ్చుకుంటుంది. నిన్నటిదాకా ఒక్క గెంతులో సోఫా ఎక్కే కుక్క ముందు కాళ్లు పెట్టి ఆగిపోతుంది. ఆకలి మాత్రం విపరీతం: చెత్తబుట్ట తిరగేస్తుంది, అన్నం గిన్నె నాకి నాకి తోస్తుంది. ముసలితనంలో సాధారణంగా ఆకలి పెరగదు. ఆ ఒక్క విషయం గుర్తుంటే చాలా కేసులు ముందే దొరుకుతాయి.

అపోహ: బొచ్చు రాలితే గజ్జి. వేపనూనె రాస్తే పోతుంది.

వాస్తవం: కుషింగ్స్‌లో బొచ్చు రెండు పక్కలా ఒకే తీరుగా, నడుం, పక్కటెముకలు, తోక దగ్గర రాలుతుంది. తల, కాళ్ల మీద చాలావరకు మిగులుతుంది. మొదట్లో దురద ఉండదు. చర్మం కాగితంలా పలచబడి నరాలు కనబడతాయి, పొట్ట మీద నల్ల చుక్కలు వస్తాయి. కొన్ని కుక్కల్లో మెడ వెనక, గజ్జల్లో సున్నం పేరుకుని ఇసుక అంటినట్టు గరుకు గడ్డలవుతాయి. ఏడెనిమిదేళ్ల కుక్కకు కొత్తగా డెమోడెక్స్ అనే చర్మపు పురుగు వస్తే, పురుగుతో పాటు దానికి దారిచ్చిన లోపలి కారణాన్ని కూడా వెతకాలి. తిరుపతిలో చాలా ఇళ్లలో పామరేనియన్లు ఉంటాయి కనుక ఇదీ చెప్పాలి: నీళ్లు మామూలుగానే తాగుతూ, హుషారుగా ఉంటూ బొచ్చు మాత్రమే పోయిన పామరేనియన్‌కు కుషింగ్స్ కాకుండా వేరే బొచ్చు సమస్య ఉండే అవకాశమే ఎక్కువ.

అపోహ: దురదకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయిస్తే రెండు రోజుల్లో తగ్గుతుంది, హాని లేదు.

వాస్తవం: ముందు చెప్పిన మూడో రకం ఇదే. ప్రెడ్నిసొలోన్ మాత్రలు, డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు, నెలల తరబడి రాసే బీటామెథసోన్ క్రీములు, స్టెరాయిడ్ కలిసిన చెవి చుక్కలు, కొన్ని కంటి చుక్కలు కూడా, అన్నీ ఒంట్లోకి చేరతాయి. కుక్క చూడటానికి అచ్చం కుషింగ్స్ కుక్కలాగే తయారవుతుంది, లోపల మాత్రం దాని ఎడ్రినల్ గ్రంథులు పనిలేక ముడుచుకుపోయి ఉంటాయి. ఈ కుక్కకు కార్టిసోల్ తగ్గించే మందు ఇస్తే చంపినంత పని. స్టెరాయిడ్‌ను ఉన్నపళంగా ఆపినా ప్రమాదమే, వారాల తరబడి మెల్లగా దించాలి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు గత ఆరు నెలల్లో వాడిన ట్యూబులు, చుక్కల సీసాలు, మాత్రల అట్టలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. నోటి మాటగా "ఏదో పసుపు మాత్ర" అంటే ఎవరికీ అర్థం కాదు. ఈ తేడా తేల్చేది ఏసీటీహెచ్ పరీక్ష: ఎడ్రినల్‌ను పనికి పురమాయించే ఏసీటీహెచ్ హార్మోను ఇంజెక్షన్ ఇచ్చి, కార్టిసోల్ ఎంత పెరిగిందో కొలుస్తారు.

అపోహ: రక్తపరీక్షలో ఏఎల్‌పీ అనే లివర్ ఎంజైము పెరిగింది, లివర్ పాడైంది.

వాస్తవం: కుక్కల్లో కార్టిసోల్ ఎక్కువైతే లివర్ ఒక ప్రత్యేక రకం ఏఎల్‌పీని తయారుచేస్తుంది. అందుకే అంకె చాలా పైకి వెళుతుంది, కొలెస్టరాల్ కూడా. నెలకో లివర్ టానిక్ సీసా ఖాళీ చేసినా ఆ అంకె దిగదు. అయితే ఏఎల్‌పీ పెరిగినంత మాత్రాన కుషింగ్స్ అనీ కాదు. థైరాయిడ్ అంకెతోనూ ఇలాగే మోసపోతారు: కార్టిసోల్ వల్ల టీ4 అనే థైరాయిడ్ హార్మోను దానంతటదే దిగుతుంది, దాన్ని చూసి థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే అసలు జబ్బు అలాగే ఉంటుంది. నిజంగా థైరాయిడ్ తగ్గిన కుక్క లావెక్కుతుంది కానీ బిందెలు తాగదు.

అపోహ: ఒక్క రక్తపరీక్షతో తేలిపోతుంది.

వాస్తవం: తేలదు. కార్టిసోల్ ఒక్కసారి కొలిస్తే దాదాపు ఏమీ తెలియదు, ఆసుపత్రి వాసనకే అది పెరుగుతుంది. మొదటి మెట్టు పొద్దున తొలి మూత్రంలో కార్టిసోల్, క్రియాటినిన్ నిష్పత్తి. పాత గరిటె ఒకటి శుభ్రంగా కడిగి ఆరబెట్టి కుక్క కింద పెట్టి పట్టాలి. ఆసుపత్రికి వెళ్లొచ్చిన కనీసం రెండు రోజుల తర్వాత, ఇంట్లోనే పట్టాలి. ఆ నిష్పత్తి మామూలుగా ఉంటే కుషింగ్స్‌ను దాదాపు పక్కన పెట్టేయవచ్చు. ఎక్కువుంటే ఉందని తేలినట్టు కాదు, ముందుకు వెళ్లాలి.

తర్వాతిది తక్కువ మోతాదు డెక్సామెథసోన్ పరీక్ష: కిలోకు 0.01 మి.గ్రా. నరంలోకి ఇచ్చి 0, 4, 8 గంటలకు రక్తం తీస్తారు. 8వ గంట కార్టిసోల్ డెసిలీటరుకు 1.4 మైక్రోగ్రాములు దాటితే జబ్బుకు అనుకూలం. పొద్దున 8కి మొదలైతే సాయంత్రం 4 దాకా పడుతుంది కాబట్టి ఆ రోజు స్నానం, టీకా, ఇతర పరీక్షలు పెట్టుకోవద్దు. పిడుదుల జ్వరంతోనో విరేచనాలతోనో పడి ఉన్న కుక్కకు ఈ పరీక్ష చేయిస్తే జబ్బు లేకున్నా ఉన్నట్టు చూపవచ్చు. ముందు ఆ జ్వరం తగ్గాలి. పొట్ట స్కానింగ్ ఎడ్రినల్స్ రెండూ ఉబ్బాయా, ఒక్కటే గడ్డ కట్టిందా చెబుతుంది. పై పరీక్షలకు తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికో చెన్నైకో వెళుతుంటే పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టుకోండి.

అపోహ: మెదడులో గడ్డ అన్నారు, ఇక ఆశ లేదు.

వాస్తవం: పిట్యూటరీ కణితులు ఎక్కువగా కంటికి ఆననంత చిన్నవి, క్యాన్సర్‌లా పాకేవి కావు. చికిత్సతో చాలా కుక్కలు రెండేళ్లు, అంతకు మించీ సుఖంగా బతుకుతాయి. కొన్నింటిలో మాత్రం కణితి పెరుగుతుంది. మందమతిగా కూర్చోవడం, గోడకు తల ఆనించి నిలబడటం, ఒకే వైపు గుండ్రంగా తిరగడం, తిండి మానేయడం, ఇవి దాని గుర్తులు.

అపోహ: మందు కొన్నాళ్లు వాడితే జబ్బు పోతుంది.

వాస్తవం: పోదు, అదుపులో ఉంటుంది. ప్రపంచమంతా ఎక్కువగా వాడే మందు ట్రైలోస్టేన్. అది ఎడ్రినల్‌లో కార్టిసోల్ తయారయ్యే దారిని మూసి ఉంచుతుంది, ఆపితే దారి మళ్లీ తెరుచుకుంటుంది. చాలామంది డాక్టర్లు కిలోకు 1 మి.గ్రా. రోజుకు రెండు సార్లు, లేదా 2 మి.గ్రా. ఒక్కసారి దగ్గర మొదలుపెట్టి పరీక్ష చూసి మారుస్తారు. మోతాదు డాక్టరే చెప్పాలి. ఇంట్లో వాళ్లు పాటించాల్సినవి వేరే ఉన్నాయి.

తిండితోనే ఇవ్వాలి, లేకపోతే మందు సరిగా ఒంటబట్టదు. తిండి ముట్టలేదంటే ఆ పూట మందు ఇవ్వకూడదు. మన దగ్గర ఒక చిక్కుంది: శనివారం ఇంట్లో నీసు ఉండదు, రోజూ చికెన్ మరిగిన కుక్క పెరుగన్నం చూసి మొహం తిప్పుకుంటుంది. అది అలకో, మందు ఎక్కువై ఆకలి పోయిందో తెలియక అందరూ తికమకపడతారు. కాబట్టి వారమంతా ఒకే తిండి పెట్టండి. ఉడికించిన గుడ్డు చాలా ఇళ్లలో రాజీ మార్గం. గుడ్డు కూడా కుదరని ఇంట్లో శనివారానికి ప్యాకెట్ తిండి ఉంచుకోండి.

క్యాప్సూల్ విప్పి పొడి సగం చేయకూడదు. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవారు దాన్ని ముట్టుకోకపోవడం మంచిది. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండు వేయకూడదు. ఏ మెడికల్ షాపులో పడితే అక్కడ దొరికే మందు కాదు, పది రోజుల సరుకు చేతిలో ఉండగానే తరవాతిది చెప్పి పెట్టండి. బీపీకనో గుండెకనో ఎనలాప్రిల్, స్పైరొనొలాక్టోన్ వాడుతుంటే ఆ మాట ముందే చెప్పాలి, పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది. ఇన్సులిన్ తీసుకునే కుక్కకు కార్టిసోల్ తగ్గే కొద్దీ ఇన్సులిన్ అవసరమూ తగ్గుతుంది. పాత మోతాదే పొడిస్తే షుగర్ పడిపోయి మూర్ఛ వస్తుంది.

అపోహ: రక్తపరీక్ష అంటే పరగడుపున తీసుకెళ్లాలి.

వాస్తవం: మందు మొదలయ్యాక చేసే ఏసీటీహెచ్ పరీక్షకు ఇది సరిగ్గా వ్యతిరేకం. ఆ పొద్దున మామూలుగా తిండి పెట్టి, మందు వేసి, వేసిన టైము రాసుకుని, 4 నుంచి 6 గంటల లోపు పరీక్ష జరిగేలా వెళ్లాలి. 7కి మందు వేస్తే 11కీ ఒంటిగంటకూ మధ్య అన్నమాట. పరగడుపున, మందు లేకుండా తెచ్చిన కుక్కలో అంకె పైకి వస్తుంది. దాన్ని నమ్మి మోతాదు పెంచితే కుక్క కుప్పకూలుతుంది. మొదటి పరీక్ష 10–14 రోజులకు, తర్వాత 4 వారాలకు, 12 వారాలకు, ఆపైన మూడు నెలలకోసారి, సోడియం పొటాషియంలతో కలిపి. ఇంజెక్షన్ తర్వాతి కార్టిసోల్ డెసిలీటరుకు 1.45–5.4 మైక్రోగ్రాముల మధ్య ఉంటే మందు సరిపోయింది. 1.45 కన్నా తక్కువైతే మందు ఆపాలి. 5.4కు పైన, 9.1 లోపు ఉండి కుక్క ఇంట్లో బాగుంటే, అంకె కోసం మోతాదు పెంచనక్కర్లేదు. మీ నీళ్ల లెక్క పుస్తకం ఇక్కడ అంకె కన్నా గట్టి సాక్ష్యం.

అపోహ: నెల అయింది, బొచ్చు తిరిగి రాలేదు, మందు పనిచేయట్లేదు.

వాస్తవం: నీళ్లు, ఆకలి ఒకటి రెండు వారాల్లో దిగుతాయి. బొచ్చుకు మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, మధ్యలో ఇంకాస్త రాలినా కంగారు పడొద్దు. అప్పటిదాకా నున్నటి గ్రానైట్ నేల మీద గోనెపట్టాలు పరవండి, కండ లేని వెనక కాళ్లు జారిపోతాయి. నడక పొద్దున 6 గంటలకే ముగించాలి.

అపోహ: పసుపు, కాకరకాయ రసం లాంటి నాటు వైద్యంతో కార్టిసోల్ దించవచ్చు.

వాస్తవం: లేదు.

అపోహ: ప్రసాదమే కదా, చిన్న ముక్క పెడితే ఏమవుతుంది?

వాస్తవం: లడ్డులో నెయ్యి, చక్కెరతో పాటు ఎండుద్రాక్ష ఉంటుంది. ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలకు విషం, ఏ కుక్కకూ పెట్టకూడదు. కుషింగ్స్ కుక్కకు కొవ్వు కూడా గండమే, పాంక్రియాస్ వాపు సులువుగా వస్తుంది. తోలు తీసిన చికెన్, గుడ్డు తెల్లసొన, కొద్దిగా అన్నమో సంగటో పెట్టండి. మాంసకృత్తులు తగ్గిస్తే ఉన్న కండ కూడా పోతుంది.

అపోహ: మందు మొదలుపెట్టాక వాంతులైతే కొబ్బరినీళ్లు పట్టి రేపు చూద్దాం.

వాస్తవం: ఇదే అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ట్రైలోస్టేన్ మీద ఉన్న కుక్క తిండి మానేసినా, వాంతులు, విరేచనాలు, వణుకు, నీరసం కనబడినా కార్టిసోల్ అతిగా పడిపోయి ఉండవచ్చు. అప్పుడు ఒంట్లో పొటాషియం పెరిగి గుండె నెమ్మదిస్తుంది. కొబ్బరినీళ్లలో ఉండేది ఎక్కువగా పొటాషియమే. మందు వెంటనే ఆపండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సోడియం పొటాషియం చూసి సెలైన్, అవసరమైతే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. సమయానికి వెళ్తే చాలావరకు తేరుకుంటాయి, కోలుకున్నాక తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెడతారు. రాత్రిపూట అవసరమైతే ఎక్కడికి వెళ్లాలో, ఇంట్లో ప్రెడ్నిసొలోన్ మాత్ర ఉంచుకోవాలో వద్దో మందు రాయించుకున్న రోజే డాక్టర్ని అడిగి, కాగితం మీద రాయించి ఫ్రిజ్ తలుపుకు అంటించండి.