జోడేఘాట్ నుంచి జెనీవా దాకా: ఆలస్యంగా చేరే సంఘీభావం

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయి గూడెంలో పక్కపక్కనే రెండు సమాధులున్నాయి. ఒకటి ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ది, మరొకటి ఆయన భార్య బెట్టీది. 1987 జనవరిలో బెట్టీ హైదరాబాదులో కన్నుమూస్తే గోండులు ఆమెను మార్లవాయిలో ఖననం చేసుకున్నారు. ఆయన అస్థికలు తర్వాత ఆమె పక్కకు చేరాయి. ఏటా జనవరి 11న అక్కడ వాళ్లను తలచుకుంటారు.

పరాయి దేశస్థులను ఇంతగా తమవాళ్లను చేసుకున్న ఈ కథను హైదరాబాదులో చాలామంది అభిమానంగా చెప్పుకుంటారు. నేనూ చెప్పుకుంటాను. అయితే అందులో సంఘటనల వరసను జాగ్రత్తగా చూడాలి. కుమురం భీం కోరింది తన వాళ్లు నరికి సాగుచేసుకున్న పోడుకు హక్కు. ఆ కోరికకు జవాబుగా 1940లో జోడేఘాట్ కొండ మీద నిజాం పోలీసులు భీంనూ ఆయన సహచరులనూ కాల్చి చంపారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని ప్రభుత్వానికి అనిపించింది ఆ తర్వాతే. రెండో ప్రపంచయుద్ధం వల్ల శత్రుదేశపు పౌరుడిగా నమోదై, హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లడానికి వీల్లేక ఇక్కడే ఉండిపోయిన హైమన్‌డార్ఫ్‌కు ఆ పని అప్పగించారు. పట్టాలు, మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం, గోండీ వాచకాలు, గిరిజన ప్రాంతాల రక్షణ నిబంధనలు అన్నీ అలా వచ్చాయి. మనిషి పోయాక వచ్చాయి.

ప్రపంచంలో ఆదివాసీ హక్కుల రక్షకులకు సరిహద్దుల అవతలి నుంచి అందిన సాయం చరిత్రంతా చూస్తే, ఈ ఆలస్యమే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

1923లో కెనడా నుంచి డెస్కాహే అనే ఆదివాసీ నాయకుడు జెనీవాకు వెళ్లాడు. తమ తెగల సమాఖ్య ఇచ్చిన సొంత పాస్‌పోర్టుతో ప్రయాణించాడు. కెనడా తమ స్వపరిపాలనను లాగేసుకుంటోందని, ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితికి చెప్పుకోవాలన్నది ఆయన ఆశ. ఐర్లండ్, పర్షియా, పనామా, ఎస్టోనియా ఆయన మాట వినాలని అడిగాయి. బ్రిటన్ అడ్డుపడింది. సమితి తలుపు తెరుచుకోలేదు. డెస్కాహే 1925లో మరణించాడు. ఆ నాలుగు దేశాల విన్నపాన్ని చదివినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది. వాటికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

జెనీవా తలుపు ఆదివాసులకు నిజంగా తెరుచుకోవడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. 1977లో అమెరికా ఖండాల ఆదివాసీ ప్రతినిధులు అక్కడ సమావేశమయ్యారు. 1982 ఆగస్టు 9న ఆదివాసుల గురించిన ఐక్యరాజ్యసమితి కార్యబృందం మొదటిసారి కూర్చుంది. ఏటా ఆగస్టు 9న హైదరాబాదులోనూ ఏజెన్సీ ఊళ్లలోనూ డోలు, గుస్సాడీ నృత్యాలతో జరిగే ఆదివాసీ దినోత్సవానికి మూలం ఆ రోజే. 2007 సెప్టెంబరు 13న ఆదివాసీ హక్కుల ప్రకటన వచ్చింది. భారత్ దానికి ఓటు వేసింది. వేస్తూనే, దేశ ప్రజలందరూ ఇక్కడి మూలవాసులేనన్న తన పాత వాదాన్నీ వదలలేదు. అందరూ మూలవాసులైతే ప్రత్యేకంగా ఎవరికీ ఏమీ వర్తించదు కదా. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1957 నాటి ఒప్పందాన్ని ఆమోదించిన మన దేశం, ఆదివాసుల సమ్మతికి పెద్దపీట వేసిన 1989 నాటి 169వ ఒప్పందాన్ని నేటికీ ఆమోదించలేదు.

కాగితాల సంగతి అది. కాగితం పనిచేసిన చోటు ఒకటి మనకు చాలా దగ్గర్లో ఉంది. పార్వతీపురం దాటితే ఒడిశా, ఆ కొండల్లో నియమగిరి. డోంగ్రియా కోందులు కొలిచే ఆ కొండలో బాక్సైట్ తవ్వాలని వేదాంత కంపెనీ తలపెట్టింది. కంపెనీ వాటాలు లండన్‌లో ఉన్నాయి కాబట్టి పోరాటమూ అక్కడికి వెళ్లింది. 2007లో నార్వే ప్రభుత్వ పెన్షన్ నిధి ఆ కంపెనీని తన పెట్టుబడుల జాబితా నుంచి తీసేసింది. కోందులను సరిగా సంప్రదించలేదని 2009లో బ్రిటన్ ప్రభుత్వ విభాగమే తేల్చింది. 2010లో ఇంగ్లండ్ చర్చి తన వాటాలు అమ్ముకుంది. అదే ఏడాది మన పర్యావరణ శాఖ అటవీ అనుమతి నిరాకరించింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలింది. పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి, పన్నెండూ వద్దన్నాయి. కొండను నిలబెట్టింది ఆ గ్రామసభలే. లండన్, ఓస్లో మిత్రులు చేసింది, ఆ సభలు జరిగేదాకా కంపెనీకి ఊపిరాడకుండా చేయడం. విదేశీ సంఘీభావం అంటే నా దృష్టిలో ఇదే: కొండ మీదివారు అడిగిన పనిని, కొండ మీదివారికి చేతకాని చోట చేసిపెట్టడం.

హోండురాస్‌లో ఇంత అదృష్టం లేకపోయింది. లెంకా తెగకు చెందిన బెర్తా కాసెరెస్ గ్వాల్‌కార్కే నది మీద ఆనకట్టను అడ్డుకుంది. ఆ పోరు వల్ల 2013లో చైనా నిర్మాణ సంస్థ తప్పుకుంది కూడా. 2015లో ఆమెకు గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం వచ్చింది, ప్రపంచం చప్పట్లు కొట్టింది. అమెరికా ఖండాల మానవహక్కుల కమిషన్ ఆమెకు రక్షణ కల్పించమని అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆదేశించింది. 2016 మార్చిలో ఇంట్లోకి చొరబడి ఆమెను కాల్చి చంపారు. డచ్, ఫిన్లండ్ ఆర్థిక సంస్థలు ఆ ప్రాజెక్టు నుంచి పూర్తిగా వైదొలగింది 2017లో. డబ్బు ఆ హత్యకు ముందే ఆగి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు. గ్లోబల్ విట్‌నెస్ సంస్థ లెక్క ప్రకారం 2012 నుంచి 2023 దాకా భూమి, పర్యావరణ రక్షకులు 2,106 మంది హత్యకు గురయ్యారు. వారిలో ఆదివాసులు తమ జనాభాతో పోలిస్తే ఎంతో ఎక్కువ.

మన దగ్గర చావు మరో దారిలోనూ వస్తుంది. జార్ఖండ్ ఆదివాసుల కోసం పనిచేసిన స్టాన్ స్వామి 2020 అక్టోబరులో అరెస్టయి, 2021 జూలై 5న 84 ఏళ్ల వయసులో కస్టడీలోనే చనిపోయారు. ఐక్యరాజ్యసమితి నిపుణులు ఆయన కోసం గొంతెత్తారు, ప్రయోజనం లేకపోయింది. 2020లోనే విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. అంతకుముందు నగరంలో అనుమతి ఉన్న సంస్థ బయటి నుంచి వచ్చిన డబ్బులో కొంత గూడెంలోని చిన్న సంఘానికి పంపగలిగేది. ఇప్పుడు అలా మళ్లించడం నిషేధం. అవతలి మిత్రుడి సాయం ఆగిపోయేది సరిగ్గా చివరి మైలులోనే.

అందుకే ఇక్కడ మిగిలింది మనుషులు వెళ్లి చూసి రావడం, రాయడం, కోర్టుకెక్కడం. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల సభ మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం 13 మంది చనిపోయారంది, హక్కుల సంఘాలు అంతకు ఎంతో ఎక్కువన్నాయి. చనిపోయినవారి స్తూపం కూల్చివేతకు గురై మళ్లీ లేచింది. నిజనిర్ధారణకు బస్సెక్కి అడవికి వెళ్లే హైదరాబాద్ అలవాటును అలాంటి ఘటనలే గట్టిపరిచాయి. పౌరహక్కుల నాయకుడు బాలగోపాల్ ఆ పనిని జీవితాంతం చేశారు. షెడ్యూలు ప్రాంత భూముల్ని గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వరాదన్న 1997 నాటి సుప్రీంకోర్టు సమత తీర్పు కూడా మన తెలుగు నేల మీద మొదలైన వ్యాజ్యమే.

నల్లమలలో మాత్రం నగరం ముందే కదిలింది. 2019 మేలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అన్వేషించవలసిన అణు ఖనిజ విభాగం ప్రధాన కార్యాలయం హైదరాబాదు బేగంపేటలోనే ఉంది. హైమన్‌డార్ఫ్ హైదరాబాద్ సంస్థానంలో 1940లో మొదట అధ్యయనం చేసింది నల్లమల చెంచులనే. వాళ్లు పెంటలని పిలుచుకునే తమ గూడేల్లోకి అన్వేషణ బృందాలు రాకూడదన్నారు. రచయితలు, విద్యార్థులు, సినిమా నటులు, కృష్ణా నీళ్లు తాగే నగరవాసులు వాళ్ల వెంట నిలిచారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది.