పాత సమాధుల తోటలో నడక: అపోహలు - వాస్తవాలు

పాత సమాధుల మధ్య నడిపిస్తూ ఊరి చరిత్ర చెప్పడం నా పని. ప్రతి నడకలోనూ కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి. వాటిలో కొన్నింటి వల్ల చరిత్ర తప్పుగా అర్థమవుతుంది, కొన్నింటి వల్ల రాళ్లే పాడవుతాయి.

అపోహ: పెద్ద సమాధులు చూస్తే చాలు, చరిత్రంతా అక్కడే ఉంటుంది.

పెద్ద సమాధి చెప్పేది ఆ ఇంటి స్తోమత. ఊరి సంగతి తెలియాలంటే చిన్న రాళ్ల వరసల్లోకి వెళ్లాలి. మొదటి చుట్టులో నేను పేర్లు చదవను, పోయిన సంవత్సరాలే చూసుకుంటూ పోతాను. ఒకే ఏడాది పదే పదే ఎదురైతే అక్కడ ఆగుతాను. 1918 చివరి నెలల తేదీలు, 20 నుంచి 40 లోపు వయసులు వరసగా కనిపిస్తే ఇన్‌ఫ్లుయెంజా గుర్తుకు రావాలి. ఆ జబ్బు పసివాళ్లతో, ముసలివాళ్లతో ఆగకుండా పడుచువాళ్లనూ పెద్ద సంఖ్యలో తీసుకుపోయింది. అయినా అది అనుమానమే. ఖాయం చేసుకోవాలంటే ఖనన రిజిస్టర్ తీయాల్సిందే.

గడ్డి తప్ప ఏమీ లేని చోటు ఖాళీ అనుకోవద్దు. రాయి పెట్టించలేనివాళ్లు చెక్క గుర్తు పాతేవారు, అది కొన్నేళ్లకే పుచ్చిపోయేది. నేను అలాంటి చోట్ల తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్తాను.

అపోహ: రాతి మీద చెక్కారంటే అది శిలాక్షరమే.

తేదీ చెప్పేది ఎవరో బంధువు, చెక్కేది ఇంకెవరో. రాయి పెట్టేసరికి ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి. కొన్ని రాళ్ల కింద మనిషే ఉండడు, సముద్రంలోనో యుద్ధంలోనో పోయినవాళ్ల జ్ఞాపకంగా ఇంటివాళ్లు పెట్టుకున్నవి అవి. లాటిన్‌లో ‘ఏటాటిస్ సువే 45’ అని ఉంటే చాలామంది 45 ఏళ్లు నిండాయని రాసేసుకుంటారు. ఆ మాటకు 45వ ఏట అని అర్థం, అంటే నిండినవి 44.

తప్పులా కనిపించే ఒప్పులూ ఉన్నాయి. ‘ఫిబ్రవరి 1731/2’ చూసి చెక్కినవాడు తడబడ్డాడని నవ్వుతారు. 1752కి ముందు ఇంగ్లండ్‌లోనూ దాని వలసల్లోనూ అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే జనవరి 1 నుంచి మార్చి 24 వరకు తేదీలకు, మార్చి లెక్కన వచ్చే సంవత్సరం, జనవరి లెక్కన వచ్చే సంవత్సరం రెండూ వేయడం ఉండేది.

అపోహ: పుర్రె ఉందంటే ఏదో చెడు గుర్తు.

యూరప్‌లో 17, 18 శతాబ్దాల సమాధుల మీద పుర్రె, ఎముకలు, ఇసుక గడియారం మామూలే. నీకూ ఒకరోజు ఇదే అని చూసేవాళ్లకు గుర్తుచేయడానికి చెక్కినవి అవి. సగంలో విరిగిన స్తంభాన్ని కూడా ఎవరో పగలగొట్టలేదు. అర్ధాంతరంగా ఆగిన జీవితానికి గుర్తుగా అలాగే చెక్కించారు.

అపోహ: పూర్వం అందరూ నలభై లోపే పోయేవారు.

పసిబిడ్డల చావులు కలిపి సగటు తీస్తే అలా తేలుతుంది. డెబ్భై, ఎనభై ఏళ్ల వయసులు రాళ్ల మీద మీరే చదువుతారు.

అపోహ: అక్షరాలు కనపడకపోతే కాస్త రుద్ది కడిగితే సరి.

దీని దగ్గర మాత్రం నేను గట్టిగానే మాట్లాడతాను. పాలరాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. యాసిడ్ తగిలితే నురగ వచ్చి కరిగిపోతుంది, దానితో అక్షరమూ పోతుంది. వైర్ బ్రష్ పై పొరను గీకేస్తుంది. బ్లీచింగ్ పౌడర్ వేస్తే లవణాలు రాతి రంధ్రాల్లో చేరి తర్వాత పెచ్చులు లేస్తాయి. పిండి, షేవింగ్ క్రీమ్ కూడా వద్దు. పెళుసెక్కిన రాయి మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దడం కూడా ప్రమాదమే.

కావలసింది ఒక అద్దం. ఎండను పట్టి, రాతి పక్కనుంచి దాదాపు సమాంతరంగా వెలుగు పడేలా తిప్పాలి. అక్షరాల గుంటల్లో నీడ నిలుస్తుంది. ఎండ లేకపోతే టార్చ్ అలాగే పక్కకు పట్టినా పని జరుగుతుంది. ఒక సాయంత్రం నున్నగా అరిగిపోయిన చిన్న రాయి దగ్గర అందరూ ఇక్కడేం లేదని ముందుకు కదిలారు. ఒక అబ్బాయి అద్దం కొంచెం కిందికి వంచాడు. ముందు ఒక గీత, తర్వాత ఒక అంకె, ఆ తర్వాత ‘వయసు 11 రోజులు’ అన్న మాట. ముందుకు వెళ్లినవాళ్లంతా వెనక్కి వచ్చారు. ఒకావిడ నోట్‌బుక్ తెరిచి, పైన పేరు కూడా కనిపిస్తుందేమో చూడమని, అద్దం కదపకుండా పట్టుకోమని అతన్ని అడిగింది.