పసుపు సిట్రిన్, ఊదారంగు పుట్టుక

సిట్రిన్ పేరుతో అమ్ముడయ్యే పసుపు రాళ్లలో ఎక్కువ భాగం భూమిలోంచి పసుపుగా రాలేదు. తవ్వి తీసినప్పుడు అవి ఊదారంగు ఎమెథిస్ట్‌లు. కొలిమిలో దాదాపు 450 డిగ్రీల సెల్సియస్ వేడికి గురిచేస్తే ఊదా పోయి పసుపో నారింజో వస్తుంది. దక్షిణ బ్రెజిల్‌లో సుమారు 13 కోట్ల ఏళ్ల నాటి లావా బొరియల్లో పెరిగిన ఎమెథిస్ట్‌లు చాలా ఇలాగే రంగు మారుతున్నాయి.

రెండూ ఒకే ఖనిజం, క్వార్ట్జ్. సిలికాన్, ఆక్సిజన్ కలిసిన ఈ స్ఫటికం స్వచ్ఛంగా ఉంటే రంగే ఉండదు. అది పెరిగేటప్పుడు కొన్నిచోట్ల సిలికాన్ స్థానంలో ఇనుము పరమాణువు చేరుతుంది. చుట్టూ ఉన్న శిలల సహజ రేడియోధార్మికత యుగాల తరబడి తాకి ఆ ఇనుము నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాగేస్తే ఊదారంగు పుడుతుంది. వేడి ఆ మార్పును చెరిపేస్తుంది. మిగిలిన ఇనుము నీలి కాంతిని పీల్చుకోవడంతో మన కంటికి పసుపే చేరుతుంది. బొలీవియాలోని అనాహీ గనిలో అయితే ఒకే స్ఫటికంలో ఊదా, పసుపు పక్కపక్కనే దొరుకుతాయి. దాన్ని అమెట్రిన్ అంటారు. ప్రకృతి చేసిన ఇంత స్పష్టమైన ప్రదర్శన నాకు మరొకటి తెలియదు.

సహజ సిట్రిన్ అరుదు. సాధారణంగా లేత పసుపులో, కొంత పొగచాయతో ఉంటుంది. కాల్చినదాన్ని నకిలీ అనడం మాత్రం నాకు సమ్మతం కాదు, అదీ అసలైన క్వార్ట్జే. అయితే కాల్చిన సంగతి కొనేవారికి చెప్పి తీరాలి. ‘మదీరా టోపాజ్’ లాంటి పేర్లతో అమ్మడం మోసం. టోపాజ్ వేరే ఖనిజం. దాని సాంద్రత నీటికి సుమారు 3.5 రెట్లు, సిట్రిన్‌ది 2.65 రెట్లు మాత్రమే. అంటే ఒకే పరిమాణంలో టోపాజ్ స్పష్టంగా బరువు తూగుతుంది.

కాంతిని రాయి ఎంతగా వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం సిట్రిన్‌కు దాదాపు 1.55, వజ్రానికి 2.42. కాబట్టి వజ్రంలా నిప్పురవ్వలు చిమ్మదు. దాని అందమంతా లోపల నిండిన రంగులో ఉంది. మచ్చలేని పెద్ద స్ఫటికాలు విరివిగా దొరకడంతో సానపట్టేవారు లోతైన ముఖాలు, వంపులు ధైర్యంగా చెక్కగలరు. గీతలను తట్టుకునే గుణాన్ని 1 నుంచి 10 వరకు సూచించే మోస్ కొలమానంపై సిట్రిన్ కాఠిన్యం 7, ఉంగరంలో రోజూ ధరించడానికి సరిపోతుంది. టోపాజ్ కాఠిన్యం 8 అయినా గట్టి దెబ్బ తగిలితే ఒక తలం వెంట నున్నగా చీలిపోగలదు. సిట్రిన్‌కు ఆ బలహీనత లేదు.