పెద్దవారు, తరాల మధ్య కలయిక: అపోహలు – వాస్తవాలు

అపోహ: కొడుకు, కోడలు, మనవలతో కలిసి ఉండేవారికి ఒంటరితనం తెలియదు.

వాస్తవం: మనిషి కోరుకునే సాంగత్యానికీ, అతనికి దొరికే సాంగత్యానికీ మధ్య ఉన్న ఎడమే ఒంటరితనం. వృద్ధుల సంక్షేమ రంగంలో పనిచేసే మాకు, విడిగా ఉంటూ రోజూ గుడి దగ్గర నలుగురితో మాట్లాడే పెద్దావిడ కంటే, నిండు ఇంట్లో ఉన్నా భోజనానికి పిలిచినప్పుడు తప్ప ఎవరూ పలకరించని పెద్దాయన గురించే ఎక్కువ ఆందోళన కలుగుతుంది.

అపోహ: పెద్దవారికి పిల్లల సందడి గిట్టదు కనుకనే వేడుకల్లో ఒక మూలన కూర్చుంటారు.

వాస్తవం: చాలా సందర్భాల్లో అడ్డుపడేది వినికిడి. వయసుతో వచ్చే వినికిడి లోపంలో హెచ్చు శ్రుతి శబ్దాలు ముందుగా తగ్గుతాయి. ‘స’, ‘ష’ వంటి హల్లులు ఆ కోవలోవే. పిల్లల గొంతు సహజంగానే హెచ్చు శ్రుతిలో ఉంటుంది, పైగా వారు గబగబా మాట్లాడతారు. పక్కన మైకు మోగుతుంటే పెద్దవారికి గొంతు వినబడుతుంది కానీ మాట తెలియదు. రెండు మూడుసార్లు “ఏమిటమ్మా?” అని అడిగాక, మళ్ళీ అడగడానికి మొహమాటపడి నవ్వి ఊరుకుంటారు; అది చూసి తాతయ్యకు ఇవేవీ పట్టవని ఇంట్లోవారు తీర్మానిస్తారు. గట్టిగా అరిచినంత మాత్రాన మాట స్పష్టం కాదు. మైకుకు దూరంగా, ముఖం కనబడేలా ఎదురుగా కూర్చుని, ఒక్కొక్కరే నింపాదిగా మాట్లాడాలి. వినికిడి పరీక్షను వాయిదా వేయకూడదు. డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు) ముప్పును పెంచే, మనం మార్చుకోగల 14 కారణాలలో వినికిడి లోపాన్నీ, నలుగురికీ దూరమై బతకడాన్నీ ‘లాన్సెట్’ వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ తన 2024 నివేదికలో పేర్కొంది.

అపోహ: అక్టోబరు 1న వయోవృద్ధుల దినోత్సవం జరిపి, పిల్లలచేత శాలువాలు కప్పిస్తే తరాలు దగ్గరవుతాయి.

వాస్తవం: వేదిక దిగాక ఆ పిల్లలకు ఆ పెద్దల పేర్లు గుర్తుంటాయా అన్నది నా సందేహం. భిన్న వర్గాల మధ్య దురభిప్రాయాలు తగ్గాలంటే సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, సంస్థల అండ కావాలని మనోవైజ్ఞానికుడు గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే ప్రతిపాదించారు. అమెరికాలోని బాల్టిమోర్‌లో ‘ఎక్స్‌పీరియన్స్ కోర్’ కార్యక్రమం కింద పెద్దవారు ప్రాథమిక పాఠశాలల్లో వారానికి సుమారు 15 గంటలు పిల్లల చదువుకు తోడ్పడ్డారు. అక్కడ వారికి ఒక పని అప్పగించారు, అందుకు శిక్షణ కూడా ఇచ్చారు. మన అపార్ట్‌మెంట్లలో పెరటి మొక్కల పెంపకమో, గ్రంథాలయ నిర్వహణో ఇరు తరాలకూ కలిపి అప్పగించడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు.

అపోహ: మనవలను చూసుకోవడమే పెద్దవారికి చాలినంత కాలక్షేపం.

వాస్తవం: కాదనే వెసులుబాటు ఉన్నప్పుడే అది సంతోషం. కూతురి పురుటికి అమెరికా వెళ్ళే తల్లిదండ్రులు చాలాచోట్ల కారు నడిపేవారు లేనిదే గడప దాటలేరు. పసిబిడ్డతో రోజంతా గడిపినా తమ ఈడువారితో మాట్లాడుకునే అవసరం తీరదు కనుక, వారికి రోజుకు ఎన్ని గంటల విశ్రాంతి ఉంటుందో, వారాంతంలో ఎవరిని కలుస్తారో టికెట్లు కొనకముందే మాట్లాడుకోవాలి.