రవివర్మ చిత్రాలు దేశం దాటకూడదన్న నిబంధన వెనుక

రాజా రవివర్మ చిత్రం వేలానికి వచ్చిన ప్రతిసారీ లేచే గొడవే మళ్లీ లేచింది. మన దేశంలో ఉన్న ఆయన చిత్రాన్ని బయటి దేశం వాళ్లకు ఎందుకు అమ్ముకోనివ్వరు? కిళిమానూరు బాల్యం, నూనెరంగులు నేర్చుకోవడానికి పడ్డ పాట్లు అందరికీ తెలిసిన కథే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే 1880లో వేసిన ఒక బొమ్మ దగ్గరికి వెళ్లాలి.

తిరువాన్కూరు మహారాజు, ఆయన తమ్ముడు కలిసి మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్‌కు స్వాగతం చెబుతున్న చిత్రం అది. 2007లో విదేశీ వేలంలో దాదాపు 12 లక్షల డాలర్లు పలికింది. అప్పటికే అది దేశం బయట ఉంది కాబట్టి ఎవరైనా కొనవచ్చు. అదే చేయి వేసిన మరో చిత్రం బరోడాలోనో మైసూరులోనో ఉంటే, దేశం లోపలే అమ్ముకోవాలి.

ఈ తేడా తెచ్చింది 1972 నాటి పురావస్తువుల చట్టం. అది 1976లో అమల్లోకి వచ్చింది. 1979లో రవివర్మ చిత్రాలను కళానిధులుగా, అంటే దేశం దాటించకూడని వాటిగా ప్రకటించారు. దాంతో ధర తగ్గిందని, ప్రపంచ మ్యూజియాల్లో ఆయనకు చోటు దక్కలేదని సొంతదారులు అంటారు. 2023లో ముంబైలో ‘యశోద, కృష్ణుడు’ చిత్రం 38 కోట్లు పలికాక, ధర తగ్గిందన్న మాట నిలవడం కష్టం.

నిషేధం ఉండాలనే రెండో పక్షం మాట లోతైనది. ఈ చిత్రాలకు డబ్బిచ్చింది సంస్థానాల ఖజానాలు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ 1888లో పద్నాలుగు పురాణ చిత్రాలు వేయమన్నా, మైసూరు చామరాజేంద్ర ఒడయార్ తన కుటుంబం చిత్రాలు వేయించుకున్నా, ఆ సొమ్ము రైతు కట్టిన శిస్తు నుంచి వచ్చిందే. తిరువాన్కూరులోనూ బరోడాలోనూ దివానుగా చేసిన టి.మాధవరావు, చిత్రాలను ఐరోపా పంపి నకళ్లు అచ్చు వేయించమని రవివర్మకు సలహా ఇచ్చారు. నలుగురే చూసే చోట ఉండిపోతే ఏం లాభమన్నది ఆయన బాధ. 1894లో బొంబాయిలో రవివర్మ సొంత ప్రెస్ మొదలయ్యాకే లక్ష్మి, సరస్వతి మన పూజగదుల్లోకి వచ్చారు. అంత జనానికి చెందిన చిత్రకారుడి మూలచిత్రాలు ఇక్కడ ఉండాలనుకోవడంలో తప్పేముంది?

ఇంకో సంగతి ఈ వాదనల్లో ఎవరూ ఎత్తడం లేదు. చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చిత్రం ఎలాగూ పురావస్తువే, దాన్నీ దేశం దాటించకూడదు. రవివర్మ పోయింది 1906లో. అంటే 2006 తర్వాత ఆయన చేతి చిత్రాల్లో నూరేళ్లు నిండనిది లేదు. 1979 నాటి ప్రకటనను రేపు ఎత్తేసినా అవి దేశం గడప దాటడం కుదరదు.

నా బెంగ మరోచోట ఉంది. దేశం దాటకపోయినంత మాత్రాన జనానికి కనపడుతున్నట్టు కాదు. మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో, తిరువనంతపురం శ్రీచిత్ర గ్యాలరీలో, మన సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నవి టికెట్టు కొని చూడగలం. 38 కోట్ల చిత్రం మాత్రం ఒక ఇంటి గోడ మీదికి వెళ్తుంది. అలాంటి చిత్రాన్ని పరిహారం ఇచ్చి తీసుకుని, జనం చూసే చోట పెట్టే అధికారం అదే చట్టంలోని 19వ సెక్షన్ కేంద్రానికి ఇచ్చింది. ఎగుమతి నిషేధం గురించి ఇంత మాట్లాడుకుంటున్న వాళ్లం, ఆ సెక్షన్ గురించి అడగాలి.