జీవన నైపుణ్యాల శిక్షణ: పేద యువత విషయంలో అపోహలు - వాస్తవాలు

అపోహ: పేద కుటుంబాల పిల్లలకు జీవన నైపుణ్యాలు, అంటే రోజువారీ జీవితంలోని సవాళ్లను ఎదుర్కొనే నేర్పులు, ఉండవు, మొదటి నుంచీ మనమే నేర్పాలి.

వాస్తవం: ఈ రంగంలోకి వచ్చిన కొత్తలో నేనూ ఇలాగే అనుకున్నాను. చిన్న వయసు నుంచే తోబుట్టువులను సాకుతూ, చాలీచాలని ఆదాయాన్ని నెలాఖరు దాకా సర్దుతూ, అప్పులవాళ్లకు సర్దిచెబుతూ పెరిగిన వారికి నిర్ణయం తీసుకోవడం కొత్త విద్య కాదు. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధుల్లో సరుకులు అమ్మే పిల్లలపై 1985లో వెలువడిన అధ్యయనం ఒకటుంది. కేవలం 5గురు పిల్లలతో చేసిన చిన్న పరిశీలనే అయినా, బేరం మధ్యలో అడిగిన లెక్కల్లో 98 శాతం సరిగ్గా చెప్పిన ఆ పిల్లలే, కాగితం మీద అంకెలుగా ఇచ్చిన అలాంటి లెక్కల్లో దాదాపు 37 శాతమే చేయగలిగారని అందులో తేలింది. ఒకచోట ఉన్న నేర్పు మరోచోట అక్కరకు రాకపోవడమే ఇక్కడి చిక్కు. శిక్షకుడి పని చాలావరకు ఆ రెంటికీ మధ్య దారి వేయడమే.

అపోహ: ఇంటర్వ్యూలో తడబడకుండా మాట్లాడటమే జీవన నైపుణ్యం.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 10 ప్రధాన నైపుణ్యాల్లో భావ వ్యక్తీకరణ ఒకటి మాత్రమే. తనను తాను తెలుసుకోవడం, సహానుభూతి, ఒత్తిడినీ ఉద్వేగాలనూ తట్టుకోవడం, విమర్శనాత్మకంగా ఆలోచించడం వంటివీ వాటిలో ఉన్నాయి.

అపోహ: వీరికి ఓపిక, ముందుచూపు తక్కువ.

వాస్తవం: అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు 28 మందితో చేసిన ప్రయోగం 2013లో అచ్చయింది. కాసేపు ఆగితే రెండో మిఠాయి ఇస్తామని చెప్పినప్పుడు, అంతకుముందు తమకిచ్చిన మాట నిలబెట్టుకున్న పెద్దల ఎదుట పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన పెద్దల ఎదుట 3 నిమిషాలే ఆగారు. మాట నిలబడదని అనుభవం చెబుతున్నప్పుడు చేతికందినది వెంటనే తీసుకోవడం తెలివైన పనే కదా! అందుకే చెప్పిన వేళకు తరగతి మొదలుపెట్టడాన్ని, ఇస్తామన్న ధ్రువపత్రాన్ని ఇస్తామన్న రోజునే ఇవ్వడాన్ని నేను పాఠంలో భాగంగానే లెక్కవేస్తాను.

అపోహ: మూడు రోజుల శిబిరం చాలు.

వాస్తవం: చాలదు. ఈత లాగే ఇదీ చేస్తూ నేర్చుకునే విద్య. ఆపిన కూలి డబ్బులను యజమానిని అడిగే సన్నివేశాన్ని తోటివారి ముందు నాలుగైదుసార్లు అభినయించి, నిజంగా అడిగివచ్చి, ఏం జరిగిందో మళ్లీ చర్చించుకుంటేనే అది వంటబడుతుంది.

అపోహ: నైపుణ్యాలు వస్తే ఇబ్బందులు వాటంతటవే తీరతాయి.

వాస్తవం: దారిఖర్చుకు డబ్బులేని పిల్లవాడికి ఆత్మవిశ్వాసం గురించి ఎంత చెప్పినా వాడు తరగతికి రాలేడు. ఇంటిపనంతా మీదపడి రోజూ ఆలస్యంగా వచ్చే ఒక అమ్మాయికి నేను చాలా రోజులు సమయపాలన గురించి బోధించాను. చివరికి తరగతినే గంట ఆలస్యంగా మొదలుపెట్టాం. ఆ తర్వాత ఆమె ఒక్కరోజూ ఆలస్యంగా రాలేదు.